దేవుడి గదిలోంచి పోయిన పాటలు

"భోజనం పేకెట్లు కట్టించి గోడౌన్‌కి పంపించీడమే మర్యాదమ్మీ," అని కృష్ణవేణమ్మ మళ్ళీ అంది. ఆ పూటకి ఆ మాట ఎన్నోసారి అన్నదో లెక్కపెట్టడం ఇంట్లోవాళ్ళు మానేశారు. "హాల్లో సావుకార్లంతా పెళ్ళాం పిల్లల్తో వస్తారు. ఆళ్ళ పక్కన చింతపిక్కలు తీసే ఆడాళ్ళు కూకుంటే ఎవరికి ముద్ద దిగుతాది?"

"పాడింది ఆ ఆడాళ్ళే అత్తా. వాళ్ళ పాటలు విడుదలయ్యే రోజున వాళ్ళకి గోడౌన్‌లో పొట్లాలా?" బిందుశ్రీ కంచం ముందు కూర్చుంది గాని అన్నం కలపలేదు.

"స్టేజీ మీద చింతపండు గోతాలు కూడా పరిపించీ," అన్నాడు అన్న సాయిరాం. "వాసన కూడా వస్తాది. ఒరిజినల్‌గా ఉంటాది."

"నువ్వు నోర్ముయ్."

"పెద్దోడ్ని పట్టుకుని నోర్ముయ్యంటాదేటి!" అంది కృష్ణవేణమ్మ. శనివారం ఒంటిపూట కావడంతో ఈ మేనత్త అందరితో భోజనానికి కూర్చోలేదు. మడిబట్టతో గోడవారగా పీట వేసుకుని, అక్కణ్ణుంచే అందరి భోజనాలూ నడిపిస్తోంది.

"రెండూ సేద్దాం లెండి," అన్నాడు తండ్రి పెద్దబ్బాయి, పెరుగన్నం ముగిస్తూ. "హాల్లోనూ పెడదాం, పొట్లాలూ కడదాం. ఎవరి మనసూ కష్టపెట్టొద్దు." గోవిందా అంటూ లేచాడు. కూర్చున్నా లేచినా, తక్కెట్లో తూకపురాయి వేసినా ఆయన నోట ఆ మాట రావలసిందే. కూతురికి ఆయన ఏనాడూ కాదని చెప్పలేదు. అవునని కూడా చెప్పలేదని బిందుశ్రీకి ముప్పై ఏళ్ళొచ్చాక తెలిసింది.

తల్లి సూర్యావతి మారు అన్నం గిన్నె పట్టుకుని నిలబడే ఉంది. పార్టీ గురించి ఆవిడనెవరూ ఏమీ అడగలేదు.

రాయగడలో పెద్దబ్బాయిది చింతపండు, పసుపు హోల్‌సేల్ వ్యాపారం. ఆ గోడౌన్‌లోనే, పిక్కలు తీస్తూ ఆడవాళ్ళు పాడుకునే పాటలన్నీ బిందుశ్రీ రెండేళ్ళు కూర్చుని రికార్డు చేసింది. ఏ కంపెనీ గడపా తొక్కలేదు. కోరాపుట్‌లో ఉండే సౌమ్యరంజన్ అనే మిత్రుడు తన గదిలోనే ఆ పాటలకి గిటారు, ధాప్ డప్పు కలిపి ఆల్బం తయారు చేశాడు. రేపు కాక పై ఆదివారం విడుదల. హాలు మాట్లాడారు, కార్డులు పంచారు.

పాడినవాళ్ళలో ముఖ్యమైనది కుంతి. పొట్టంగి నుంచి వచ్చి గోడౌన్‌లో పనిచేస్తోంది. ఆల్బంలో రెండు పాటలు కుంతి తల్లి పాడినవి. రికార్డింగు అయిన చలికాలంలోనే ఆ ముసలావిడ పోయింది.

ఆ ఉదయం బిందుశ్రీ హార్డ్ డిస్కుని టీవీకి తగిలించి ఇంట్లోవాళ్ళకి పాటలన్నీ వినిపించింది. చివరిది తూకం పాట.

గోవిందా అంటాడు, రాయెయ్యక ముందే
బొటనేలు ఏస్తాడు, ముల్లాడక ముందే

సాయిరాం పొట్ట పట్టుకుని నవ్వాడు. పెద్దబ్బాయి అందరికంటే గట్టిగా నవ్వాడు. తర్వాత కృష్ణవేణమ్మ, కొత్త వస్తువు ఊరికే బల్లమీద పడెయ్యకూడదని, డిస్కుకి పసుపు రాసి బొట్టు పెట్టి, దేవుడి గదిలో పీట మీద ఉంచి, పైన మందారం పెట్టింది. పొట్లాల గురించి అంత పేచీ పెట్టిన మనిషే ఆ పని చాలా శ్రద్ధగా చేసింది.

భోజనాలయ్యాక ఇల్లు సర్దుమణిగింది. అందరూ టీకి లేచేసరికి పీట మీద డిస్కు లేదు.

* * *

రైల్వే గేటు దగ్గర, మోటారు విడిభాగాల కొట్టు పైన, సుజన ఆఫీసు. ఒకప్పుడు ఒక బీమా సంస్థకి క్లెయిములు విచారించేది. ఇప్పుడు సొంతంగా డిటెక్టివ్ పని. వచ్చేవి ఎక్కువగా పెళ్ళి సంబంధాల వాకబులు, కొట్లలో సరుకు మాయమవడాలు. సహాయకుడు కామేష్ బ్యాంకు వసూళ్ళ ఉద్యోగం మానేసి ఆవిడ దగ్గర చేరాడు. ఆవిడ అడిగే ప్రశ్నలు ఇంటికెళ్ళి భార్యకి అప్పజెప్పేటంత అభిమానం అతనికి.

మెట్లెక్కి వచ్చిన బిందుశ్రీ ఏడవడం లేదు. కుర్చీ చూపించినా కూర్చోలేదు.

"మా ఇంట్లో దొంగతనం జరిగిందండి. దొంగ దొరికిపోయిందని మావాళ్ళంటున్నారు. వాళ్ళకి దొరికిన మనిషి దొంగ కాదు. స్టేషన్‌కి తీసుకెళ్ళేలోపు మీరు రావాలి."

సంగతంతా విని సుజన అడిగింది. "ఇంకో కాపీ లేదా?"

"సౌమ్యరంజన్ కంప్యూటర్ మొన్న పిడుగు పడి మాడిపోయింది. మిగిలిందిదొక్కటే. సోమవారం కోరాపుట్ వెళ్ళి కాపీలు తీయిద్దామనుకున్నాం."

"సోమవారం దాకా దేవుడికి అప్పజెప్పేవన్నమాట. నీ చదువు దండగ." సుజన చెప్పులు వేసుకుంది. "అతనికి తెలుసా?"

"ఫోన్ చేశాను. కోరాపుట్‌లోనే ఉన్నాడు. ఏడుస్తున్నాడు."

"సరే, పద. కామేష్, బండి తియ్యి."

* * *

ఇంటి పెరట్లో, చప్టా కింద మట్టిలో, కుంతి కూర్చుని ఉంది. నలభై ఏళ్ళుంటాయి. గుడ్డసంచీ బోర్లించి ఉంది. దువ్వెన, చుట్టిన పొగాకు, సూర్యావతి ఇచ్చిన జరీ చీర మట్టిలో పడున్నాయి. ప్రహరీ అవతల గోడౌన్ ఆడవాళ్ళు గుంపుగా నిలబడి చూస్తున్నారు. సాయిరాం నడుం మీద చేతులు వేసుకుని కాపలా ఉన్నాడు.

"ఆ సంచీ ఎవరు బోర్లించారు?" అంది సుజన.

"నేనే. ఏం?"

"దొరికిందా?"

"ఎక్కడో దాచేసుంటాది."

"దొరకలేదు కదా. అయితే వంగి, ఒక్కొక్కటీ తీసి సర్ది ఇవ్వు."

"ఏటండీ, మా ఇంట్లోకొచ్చి..."

"సర్దుతావా, నీ బీరువా కూడా ఇలాగే పెరట్లో బోర్లించమంటావా? దొంగతనం జరిగిన ఇంట్లో ఉన్నావు నువ్వు కూడా."

సాయిరాం చెల్లెలివైపు చూశాడు. ఆమె కళ్ళలో సాయం కనిపించలేదు. వంగి చీర దులిపి సంచీలో పెట్టాడు. ఆ వంగడం గోడ అవతలివాళ్ళంతా చూశారు. కామేష్‌కి ఆ రోజంతా ఆ దృశ్యమే ఎక్కువ నచ్చింది.

సుజన చప్టా అంచున కూర్చుంది. "కుంతీ, మధ్యాహ్నం ఎందుకొచ్చేవు?"

"పార్టీకి కట్టుకోడానికి సీర ఇస్తానని అమ్మగారు రమ్మన్నారు. ఇక్కడే మెట్టుమీద కూకున్నాను. సీర ఇచ్చీసేరు, ఎల్లిపోనాను."

"లోపలికెళ్ళేవా?"

కుంతి నవ్వింది. అందులో సంతోషం లేదు. "పదేళ్ళబట్టి ఈళ్ళ పని సేస్తన్నాను. ఈ గుమ్మం దాటి నోపలికి రమ్మని ఒక్కలూ అన్నేదు. దేవుడు గది ఏ పక్కనున్నాదో నాకు తెల్దమ్మా. ఆ డిస్కులోన మాయమ్మ గొంతుకున్నాది. బూమ్మీద ఆవిడిదంటూ మిగిలిందదే. దాన్ని నాను దొంగిలించాలా?"

"అందుకే తీసిందండి," అన్నాడు సాయిరాం. "మా అమ్మ గొంతు, నాకియ్యండని రేపు పేచీ పెడతాది."

"ఆవిడ గొంతు ఆవిడ అడిగితే పేచీ అంటారా?" అని సుజన లేచింది. "సూర్యావతి గారూ, కుంతి వెళ్ళాక మీరేం చేశారు?"

"దండెం మీద పొద్దుటి బట్టలు ఎండిపోయేయి. అన్నీ తీసి మడతపెట్టి పడుకున్నానండి."

"అన్నీ తీశారా?"

"అన్నీనండి." సూర్యావతి దండెం వైపు చూసి ఆగింది. దాని మీద ఒక తువ్వాలు వేలాడుతోంది. వెళ్ళి పట్టుకు చూసింది. "ఇది తడిగా ఉందేటి? ఎవరారేసేరు?"

"సూర్యావతే స్నానం చేస్తోందనుకున్నాను నేను," అంది కృష్ణవేణమ్మ వెనక గుమ్మంలోంచి. "ముందు గదిలో నడుం వాల్చేను. పెరట్లో బకెట్టు చప్పుడైంది."

"నేను మీరనుకున్నాను వొదినా. నాకూ చప్పుడు నిద్దట్లో వినపడింది."

"నాకెందుకే స్నానం? పొద్దున్న కట్టిన మడి విప్పలేదు. పచ్చి మంచినీళ్ళు కూడా ముట్టలేదు."

"మరి మీ బట్టలెక్కడ ఆరేస్తారు?" అని సుజన అడిగింది.

"లోపల దండెకర్ర మీద. ఎవులూ ముట్టకుండా. ఈ దండెం నేను తాకను."

దేవుడి గది గుమ్మం దగ్గర సుజన చెప్పులు విప్పి నిలబడింది. చిన్న గది. పీట మీద పసుపు మరక ఉంది, డిస్కు లేదు. కృష్ణవేణమ్మ తొంగిచూసి చిరాకు పడింది.

"కుంకం భరిణి మూత చూడు, ఎలా వదిలేసిందో. ఏమే సూర్యావతీ!"

"నేను మధ్యాన్నం లోపలికి రాలేదు వొదినా."

"మీరు డిస్కు మీద పెట్టిన మందారం ఏది?" అని అడిగింది సుజన.

"అదిగో, పటం పాదాల దగ్గరుంది. నేనక్కడ పెట్టలేదే!"

"ఈ గదిలోకి ఎవరెవరు వస్తారు?"

"అందరూ వస్తారు. స్నానం చేసే వస్తారు. ఇదిగో, ఈ సాయిరాం తప్ప. ఇవాళ పొద్దున్న కూడా అగ్గిపెట్టి కావాలని సెప్పుల్తో దూరిపోయేడు. ముప్పై మూడేళ్ళొచ్చేయి, దున్నపోతుకి."

"అత్తా, ఇప్పుడదంతా ఎందుకు?" సాయిరాం మొహం తుడుచుకున్నాడు. తిన్నాక బేనర్ల కోసం ప్రెస్సుకి ఎండలో వెళ్ళొచ్చానని చెప్పాడు. పొద్దున్న తల్లి పెట్టిన బొట్టు చెమటకి కరిగి కనుబొమ్మ దాకా జారి ఉంది. బిందుశ్రీ ఆ సమయంలో మేడమీద తలుపేసుకుని హాలువాళ్ళతో, లైట్లవాళ్ళతో ఫోన్లో ఉంది.

వెనక గుమ్మం పక్కన గోడకి ఒక మేకు. దాని చుట్టూ సున్నం అరిగిపోయి ఉంది.

"దీనికేం తగిలిస్తారు?"

"నిర్మాల్యం సంచీ," అంది కృష్ణవేణమ్మ. "వాడిన పువ్వులు, చిరిగిన దేవుడి పటాలు, అక్షింతలు. దేవుడి దగ్గరవి తుక్కులో వెయ్యకూడదు కదా. సోమవారం డ్రైవరు నాగావళిలో కలిపొస్తాడు."

"ఇవాళ శనివారం."

"అవును మరి. సంచీ ఏదీ?"

అప్పుడే వాకిట్లో స్కూటర్ ఆగింది. పెద్దబ్బాయి గోడౌన్ నుంచి వచ్చాడు. చొక్కా వీపుకి అంటుకుపోయి ఉంది. నుదుట బొట్టు గుండ్రంగా, ఎర్రగా ఉంది. సుజనకి వినయంగా నమస్కారం పెట్టాడు.

"తిన్న వెంటనే గోడౌన్‌కి ఎల్లిపోనానండి. లారీ వచ్చిపడింది. రేకుల షెడ్డు, ఉడికిపోయేం. ఫోనొస్తే వచ్చేను. పాపం, కుంతి ఇలా చేస్తాదనుకోలేదు."

"చేసిందని మీకెవరు చెప్పారు?"

"ఇంట్లోకొచ్చిన బయటి మనిషి అదొక్కతే కదండీ. కేసూ గీసూ వద్దు. స్టేషన్‌లో మనకి తెలిసినోళ్ళున్నారు. ఒక మాట అదిలిస్తే సాలు, ఇచ్చీస్తాది. నేనే తీసుకెళ్తాను. అటేపే నది దగ్గర చిన్న పనుంది, అది కూడా చూసుకుని వచ్చేస్తాను."

సుజన ఒక్క నిమిషం ఆయన్నే చూసింది. తర్వాత కామేష్‌ని పక్కకి పిలిచి చెవిలో ఏదో చెప్పింది. అతను వాకిట్లోకి వెళ్ళాడు.

* * *

"అందరూ హాల్లోకి రండి," అంది సుజన. "కుంతీ, నువ్వు కూడా. లోపలికి."

కృష్ణవేణమ్మ గొంతు సవరించుకుంది. "దాన్ని చప్టామీద కూకోబెట్టినా వినపడతాది కదమ్మా."

"కుంతి కుర్చీలో కూర్చుంటే నేను చెప్తాను. లేకపోతే ఇలాగే స్టేషన్‌కి వెళ్ళి అక్కడ చెప్తాను. అక్కడ అందరికీ కుర్చీలుంటాయో లేదో తెలీదు."

బిందుశ్రీ చెయ్యి పట్టి కుంతిని లోపలికి తెచ్చింది. పదేళ్ళకి ఆమె ఆ గుమ్మం దాటింది, దొంగ అనిపించుకున్నాక. కుర్చీ అంచున కూర్చుని సంచీని ఒళ్ళో గట్టిగా పట్టుకుంది.

"మీ ఇంటి దొంగ విచిత్రమైన మనిషి," అని సుజన మొదలుపెట్టింది. "దొంగతనానికి ముందు స్నానం చేశాడు. ఎండిన బట్టలన్నీ సూర్యావతి గారు తీసేసి పడుకున్నాక దండెం మీదకి తడి తువ్వాలొచ్చింది. ఇద్దరు ఆడవాళ్ళు బకెట్టు చప్పుడు విని, ఒకరు రెండోవారు అనుకున్నారు. ఇద్దరూ చెయ్యలేదు. మధ్యాహ్నం పూట ఎవరో స్నానం చేశారు. తర్వాత దేవుడి గదిలోకి వెళ్ళారు. డిస్కు మీదున్న పువ్వు తీసి కింద పడెయ్యలేదు, దేవుడి పాదాల దగ్గర పెట్టారు. కుంతి ఈ పని చేసిందంటున్నారు. ఎప్పుడూ రానివ్వని ఇంట్లోకి దొంగతనంగా దూరే మనిషి, ముందు మీ పెరట్లో తీరిగ్గా నీళ్ళు తోడుకుని స్నానం చేస్తుందా?"

సాయిరాం నోరు తెరిచాడు.

"నువ్వు కాదు. అగ్గిపెట్టె కోసం చెప్పుల్తో దూరేవాడివి, దొంగతనానికి మడి పాటిస్తావా? కృష్ణవేణమ్మ గారు పొద్దుణ్ణుంచీ మడిలోనే ఉన్నారు. ఆవిడకి స్నానం అక్కర్లేదు, ఈ దండెం ఆవిడ ముట్టరు. సూర్యావతి గారైతే ఆ తువ్వాలు చూసి అలా ఆశ్చర్యపోరు, చూపించరు కూడా. బిందుశ్రీ తన పాటలు తనే దాచుకుని నా దగ్గరకి రాదు. ఇక మిగిలింది అన్నం తిన్న మనిషి ఒకరు. తిన్నాక స్నానం చెయ్యకుండా దేవుడి పీట ముట్టడం ఆయనకి ప్రాణం పోయినా చేతకాదు. పెద్దబ్బాయి గారూ, మీ నుదుట బొట్టు ఎప్పుడు పెట్టుకున్నారు?"

"పొద్దున్నే."

"రేకుల షెడ్డులో ఉడికిపోయామన్నారు. చొక్కా పిండితే నీళ్ళొచ్చేటట్టుంది. ఎండలో కాసేపు తిరిగొచ్చిన మీ అబ్బాయి బొట్టు కనుబొమ్మ మీదకి కారింది. మీది ఇప్పుడే పెట్టినట్టుంది. అది పొద్దుటిది కాదు. వెనక సందులోంచి వచ్చారు, స్నానం చేశారు, దేవుడి గదిలో చెయ్యి అలవాటుగా కుంకం భరిణి మీదకి వెళ్ళింది. తొందర్లో మూత సరిగ్గా పెట్టలేదు."

పెద్దబ్బాయి చెయ్యి నుదుటి వైపు లేచి, మధ్యలో ఆగిపోయింది.

"డిస్కు విరగ్గొట్టెయ్యొచ్చు. గోడౌన్ తుక్కులో పడెయ్యొచ్చు. కానీ దానికి పసుపు పెట్టారు, బొట్టు పెట్టారు, దేవుడి ముందుంచారు. దాన్ని తుక్కులో వేస్తే పాపం. నీళ్ళలో కలపాలి. అందుకే నిర్మాల్యం సంచీలో వేసుకెళ్ళారు. లారీ రాకపోతే ఈపాటికి నాగావళిలో ఉండేది. కామేష్!"

కామేష్ గుడ్డసంచీతో లోపలికొచ్చాడు. "స్కూటర్ డిక్కీలో ఉంది మేడమ్, తాళం బండికే వదిలేశారు. ఇంకా తెరవలేదు."

సుజన సంచీని టీపాయ్ మీద విప్పింది. వాడిన చామంతులు, అక్షింతలు, చిరిగిన కేలండర్ దేవుడు. వాటి మధ్యలో పసుపు మరకల నల్లడబ్బా. బిందుశ్రీ దాన్ని అందుకుని రెండు చేతులతో గుండెకి హత్తుకుంది. కాసేపటికి దాన్ని తీసి కుంతి చేతిలో పెట్టింది. కుంతి దానిమీద పసుపు చీర కొంగుతో తుడుస్తూ ఉండిపోయింది.

"ఎందుకు నాన్నా?" అంది బిందుశ్రీ. "వద్దని ఒక్కసారి చెప్పి ఉంటే నీతో దెబ్బలాడేదాన్ని."

పెద్దబ్బాయి టీపాయ్ మీది వాడిన పువ్వుల్ని చూస్తూ అన్నాడు. "ఆ తూకం పాట... బజార్లో ఇంకెవులు గోవిందా అని రాయేస్తారు? హాల్లో సావుకార్లంతా నావేపు చూసి నవ్వుతారు. పొట్టంగి సంతలో పిల్లలు నా వెనకాల పాడతారు. ఆ పాట తీసీమంటే నువ్వు తీస్తావా? అందుకని..."

"పొద్దున్న మీరే గట్టిగా నవ్వేరు కదా," అంది సూర్యావతి.

"మరేం సెయ్యమంటావు?"

సుజనకి అప్పటిదాకా అణచుకున్న కోపం పైకొచ్చింది. "పాటకి మీరు సిగ్గుపడ్డారు, సరే. కుంతి సంచీ మట్టిలో బోర్లించినప్పుడు ఏమైంది ఆ సిగ్గు? డిస్కు మీ స్కూటర్లో పెట్టుకుని, కుంతినేమో స్టేషన్‌కి తీసుకెళ్తానన్నారు. పాపం అని కూడా అన్నారు. పువ్వు కిందపడకుండా చూసుకున్న మనిషి, ఒక ఆడదాన్ని ఇంతమంది ముందు దొంగని చెయ్యడానికి మాత్రం స్నానం కూడా అక్కర్లేకపోయింది."

ఆ మాటకి కృష్ణవేణమ్మ మొహం పక్కకి తిప్పుకుంది. తమ్ముడి మీద కోపమో, చప్టామీద కూకోబెట్టమన్నందుకు సిగ్గో, ఆవిడ కళ్ళు మాత్రం కుంతివైపు వెళ్ళలేదు.

మొదట తేరుకున్నది సాయిరామే. కిటికీ తలుపులు దగ్గరకి వేశాడు. గోడ అవతల ఆడవాళ్ళు ఇంకా నిలబడే ఉన్నారు.

"సరే, దొరికింది కదా," అన్నాడు గొంతు తగ్గించి. "పటం వెనకాల పడిపోయింది, చూసుకోలేదని చెప్పీద్దాం. నాన్న పేరు ఎందుకు బయటికి? పార్టీ పార్టీలాగే జరుగుతాది."

"అవునమ్మీ," అంది కృష్ణవేణమ్మ. "ఇంట్లో సంగతి ఇంట్లోనే ఉండనీండి. కుంతికి ఇంకో సీర పెడదాం. దానికేం నష్టం?"

"ఆ పాటొక్కటీ ఆదివారం వెయ్యకపోతే సాలు," అన్నాడు పెద్దబ్బాయి. ఆ మాట కూతురితో కాదు, నేలతో అన్నాడు.

కుంతి లేచి నిలబడింది. "పటం ఎనకాల పడిపోనాదని సెప్తారు. బయటున్నోళ్ళు నమ్మరు. కుంతే తీసింది, ఏడ్సి కాళ్ళమీద పడితే సావుకారు వొదిలీసేడు అనుకుంటారు. రేపట్నుంచి నా పక్కన కూకుని పిక్కలు తీసే ఆడది తన సంచీ కొంగుకి ముడేసుకుంటాది. నాకు మీ సీరలొద్దు. నా పేరు నాకిచ్చీండి."

"ఎలా ఇమ్మంటావే?" అన్నాడు సాయిరాం. "మైకు పట్టుకుని మా నాన్న దొంగని అరవమంటావా?"

కుంతి అతనివైపు చూడలేదు. పెద్దబ్బాయినే చూస్తోంది. ఆయన ఇంకా నేలనే చూస్తున్నాడు. ఆయనేదైనా అంటాడేమోనని అందరూ ఎదురుచూశారు. గోవిందా అనే మాట కూడా ఆయన నోట రాలేదు.

బిందుశ్రీ మాట్లాడబోయింది. సుజన చెయ్యి పట్టుకుని ఆపింది. కామేష్‌కి ఎందుకో అర్థంకాలేదు. ఆవిడ చూపు వెళ్ళినవైపు చూశాక అర్థమైంది.

సూర్యావతి వంటింటి గుమ్మం దగ్గర నుంచి కదిలింది. గోడకి తగిలించి ఉన్న గోడౌన్ తాళాల గుత్తి తీసి నడుం దగ్గర దోపుకుంది. ఆ తాళాలు ఆ ఇంట్లో మగవాళ్ళు తప్ప ఎవరూ ముట్టగా ఎవరూ చూడలేదు.

"ఏటే అది?" అన్నాడు పెద్దబ్బాయి.

"రేపు పొద్దున్న గోడౌన్ నేను తెరుస్తాను," అంది సూర్యావతి. గొంతు హెచ్చలేదు. ఏం కూర వండాలో చెప్పేటప్పుడు కూడా ఆవిడ అలాగే మాట్లాడుతుంది. "ఆడవాళ్ళంతా పనికొచ్చేక చెప్తాను. డిస్కు మా ఆయన తీసేరని, కుంతి తియ్యలేదని. తూకం పాట విని తీసేరని కూడా చెప్తాను. ఆదివారం హాలు వద్దని హాలువాళ్ళకి కబురు పెట్టు బిందూ. కుంతి ఎక్కడ పాడతానంటే అక్కడే విడుదల. మీలో ఎవరికైనా అభ్యంతరముంటే రేపు గోడౌన్‌కొచ్చి, ఆళ్ళందరి ముందూ చెప్పండి."

సూర్యావతి వెళ్ళి సాయిరాం మూసిన కిటికీ తలుపులు తెరిచింది.